ఏ కార్డు పక్కన ఏ కార్డు పెట్టినా: దృశ్యాల ముక్కలను తెర మీదికి తేవడం

(రికార్డింగు విని రాసిన పాఠం. రాలేకపోయినవాళ్ల కోసం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఖాళీలున్నాయి, వెనక నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండి. ఇవాళ వినాల్సినదానికంటే చూడాల్సింది ఎక్కువ, దగ్గరగా ఉంటే మంచిది.

తెర మీద బొమ్మ చూడండి. ఎడమవైపు కొండ మీద కోట. పక్కన చెట్టు కింద ఇద్దరు మనుషులు. తర్వాత నీళ్లలో పడవ. ఆ తర్వాత సగం కూలిపోయిన తోరణం. వెనకాల అంతా ఒకే సరస్సు, ముందు అంతా ఒకే దారి. అవునా? ఇప్పుడు పడవను తీసి కోటకు ముందు పెడుతున్నాను. తోరణాన్ని తెచ్చి మధ్యలో పెడుతున్నాను. చూడండి. సరస్సు తెగిందా? దారి తెగిందా? ఎక్కడైనా అతుకు కనిపించిందా? లేదు. ఇది నాలుగు విడివిడి కార్డులు. వీటిని ఎలా పేర్చినా ఒకే పొడవాటి ప్రకృతి దృశ్యం అవుతుంది. ఇలాంటి కార్డుల సెట్టుని మిరియోరామా అంటారు. దీన్ని కాగితం మీద నుంచి కంప్యూటర్ తెర మీదికి తేవడం ఎలా అన్నదే ఇవాళ్టి మాట.

కొంచెం చరిత్ర చెప్పి పనిలోకి వెళ్దాం. 1787లో రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు బ్రిటన్‌లో ఒక పేటెంటు తీసుకున్నాడు. గుండ్రటి భవనం లోపలి గోడ చుట్టూ ఒకే బొమ్మ, మధ్యలో నిలబడి చూసేవాళ్లు. పనోరమా అంటే మొదట అది. 1822లో పారిస్‌లో డాగేర్ అనే చిత్రకారుడు డయోరామా అనే ప్రదర్శనశాల తెరిచాడు, వెలుతురు మార్చి ఒకే బొమ్మలో పగలూ రాత్రీ చూపించాడు. జనానికి ప్రకృతి దృశ్యాల పిచ్చి పట్టిన కాలం అది. ఆ రోజుల్లోనే, 1820లలో, ఫ్రాన్స్‌లో పిల్లల కోసం రాసే జాఁ-పియెర్ బ్రెస్ ఇలా ఎలాగైనా పేర్చుకునే కార్డులు తెచ్చాడు. ఆ ఆలోచన అందుకుని లండన్‌లో జాన్ క్లార్క్ 1824లో 16 కార్డుల సెట్టు చేశాడు. మిరియోరామా అన్న పేరు ఆయన పెట్టిందే. వెంటనే ఇటలీ దృశ్యాలతో 24 కార్డుల రెండో సెట్టు కూడా వచ్చింది.

ఒకసారి ఆలోచించండి. బార్కర్ బొమ్మ చూడాలంటే టికెట్టు కొని, భవనంలోకి వెళ్లి, ఆయన గీసిన క్రమంలోనే చూడాలి. క్లార్క్ బొమ్మ చూడాలంటే? ఇంట్లో బల్ల చాలు. క్రమం మీ ఇష్టం. చూసేవాడి చేతికి అంత అధికారం ఇచ్చిన బొమ్మ ఇది. నాకు ఈ కార్డుల మీద ప్రేమ కలిగింది అందుకే. తెర మీదికి తెచ్చేటప్పుడు ఆ అధికారం పోకూడదు. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాను.

లెక్క చూద్దాం. 16 కార్డులు. మొదటి చోట 16లో ఏదైనా పెట్టొచ్చు. రెండో చోట మిగిలిన 15లో ఏదైనా. మూడో చోట 14. ఇలా గుణించుకుంటూ పోతే ఎంత వస్తుంది? 2,09,22,78,98,88,000. మాటల్లో చెప్పాలంటే ఇరవై లక్షల తొంభై రెండు వేల కోట్ల పైమాట. సెకనుకు ఒక దృశ్యం చొప్పున ఆపకుండా చూస్తూ కూర్చుంటే అన్నీ అయ్యేసరికి 6 లక్షల 60 వేల ఏళ్లు దాటుతుంది. 24 కార్డుల సెట్టుకైతే 24 అంకెల సంఖ్య వస్తుంది, అది చదవను.

ఈ సంఖ్య వినగానే అందరికీ ఒకటే టెన్షన్. ఇన్ని కోట్ల కోట్ల అమరికల్లో ఎక్కడో ఒకచోట బొమ్మ చెడిపోతే? అన్నీ ఎవరు చూస్తారు? అయ్యా, అమ్మా, అన్నీ చూడక్కర్లేదు. ఎందుకక్కర్లేదు? బొమ్మ చెడిపోయేది ఎక్కడ? అతుకు దగ్గర. అతుకు అంటే రెండే కార్డులు. ఎడమ కార్డు ఏది, కుడి కార్డు ఏది, అంతే. 16 కార్డులకు ఇలాంటి జతలు ఎన్ని? 16 ఇంటూ 15. 240. అంతే! ఇరవై లక్షల కోట్లు కాదు, 240. ఒక మధ్యాహ్నం కూర్చుంటే కంటితో చూసేయొచ్చు. 24 కార్డులకైతే 552. ఈ 240 బాగుంటే మొత్తం కోట్ల కోట్ల దృశ్యాలూ అతుకు కనిపించకుండా వస్తాయి. అసలు ఆ 240ని కూడా ఒకే ఒక్క అతుకుగా చేసే పద్ధతి ఉంది, కాసేపట్లో చెప్తాను.

అంచులో ఉన్నదంతా

రైలు పెట్టెల్ని చూడండి. స్లీపరైనా, వంటల పెట్టె అయినా, సామాన్ల పెట్టె అయినా, రెండు చివర్లా ఒకే ఎత్తులో ఒకే రకం కొక్కెం. లోపల ఏముందో కొక్కేనికి అనవసరం. ఈ కార్డులు కూడా అంతే. కార్డు మధ్యలో మీరు ఏం గీసినా సరే, రెండు అంచుల దగ్గర మాత్రం అన్ని కార్డులదీ ఒకే ఒప్పందం.

ఏమిటా ఒప్పందం? నా సెట్టులో మూడు గీతలున్నాయి. ఆకాశం కిందికి వచ్చి దూరపు కొండల్ని తాకే గీత. నీళ్లు అవతలి ఒడ్డుకు తగిలే గీత. ముందున్న నేల నీళ్లకు తగిలే గీత. ఈ మూడూ ప్రతి కార్డు ఎడమ అంచునూ, కుడి అంచునూ సరిగ్గా ఒకే ఎత్తుల్లో దాటాలి. మధ్యలో కొండ ఎంత పైకి పోయినా, అంచు దగ్గరికి వచ్చేసరికి ఆ ఎత్తుకు దిగిపోవాలి.

ఎత్తు కలిస్తే చాలా? చాలదు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఈ రెండు కార్డుల్ని చూడండి. కొండ గీత ఎత్తు సరిగ్గా కలిసింది. అయినా అక్కడేదో విరిగినట్టు లేదూ? వెనకవాళ్లకి కనిపిస్తోందా? కొంచెం పెద్దది చేస్తాను. ఇప్పుడు చూడండి. ఎడమ కార్డులో గీత పైకి ఎక్కుతూ అంచుకు వచ్చింది. కుడి కార్డులో దిగుతూ మొదలైంది. ఎత్తు ఒకటే, వాలు వేరు. కన్ను ఈ విరుపుని క్షణంలో పట్టేస్తుంది. కాబట్టి ఎత్తుతో పాటు వాలు కూడా కలవాలి. అన్నిటికంటే సులువైన మార్గం, అంచును దాటేచోట గీతలన్నీ అడ్డంగా, చదునుగా పోనివ్వడం.

అలా చదునుగా పోనిస్తే ఇంకో లాభం ఉంది. కార్డుని అద్దంలో చూపినట్టు ఎడమని కుడికి తిప్పేసినా అతుకుతుంది! రెండు అంచుల్లో ఎత్తులు ఒకటే కదా. ఒక్కో కార్డుకు రెండు రూపాలు వచ్చినట్టే. 16 కార్డులకు అది 65,536 రెట్లు. కంప్యూటర్‌లో తిప్పడం ఒక్క ఆజ్ఞ. మరి అందరూ ఎందుకు తిప్పరు? వెలుతురు వల్ల. సూర్యుడు ఎడమవైపు ఉన్నాడనుకోండి, కోట నీడ కుడివైపు పడుతుంది. తిప్పిన కార్డులో నీడ ఎడమవైపుకి వస్తుంది. పక్కపక్కనే రెండు సూర్యుళ్లు వచ్చినట్టు అవుతుంది. మీరు సొంతంగా గీసుకునేట్టయితే మబ్బు పట్టిన రోజు గీయండి, నీడలు లేకుండా. అప్పుడు హాయిగా తిప్పుకోవచ్చు. పాత కార్డుల్ని మాత్రం తిప్పొద్దు. ఆ చిత్రకారుడు పెట్టిన వెలుతురుని మార్చే హక్కు మనకు లేదని నా అభిప్రాయం.

కంటి ఎత్తు గురించి ఒక మాట. దృశ్యాన్ని ఎంత ఎత్తు నుంచి చూస్తున్నామో అన్ని కార్డుల్లో అంత ఎత్తు నుంచే చూడాలి. దీనికి చిత్రకారుల పరీక్ష ఒకటుంది. చదునైన నేల మీద నిలబడ్డ మనిషిని తీసుకోండి. ఆకాశమూ నీరూ కలిసే దిగంత రేఖ అతని పాదాల నుంచి చూస్తే అతని ఎత్తుకు రెండింతల్లో ఉందనుకుందాం. అప్పుడు ఆ నేల మీద దగ్గరున్నవాడికైనా, దూరంగా ఉన్నవాడికైనా, ఏ కార్డులో ఉన్నవాడికైనా అది రెండింతల్లోనే ఉండాలి. ఒక కార్డులో రెండింతలు, పక్క కార్డులో ఒకటిన్నర ఉంటే? పక్కపక్కన పెట్టగానే ఒకడు మరుగుజ్జు, ఒకడు రాక్షసుడు అవుతాడు. గీతలన్నీ కలిసినా బొమ్మ నమ్మబుద్ధి కాదు.

పాత కార్డుల్ని స్కాన్ చేసేటప్పుడు

చాలామంది నన్ను అడిగే మొదటి ప్రశ్న: ఫోన్‌లో పనోరమా తీస్తాం కదా, అలా ఫొటోల్ని కలిపే సాఫ్ట్‌వేర్‌కి ఈ కార్డులు ఇచ్చేస్తే సరిపోదా? సరిపోదు. ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్ చేసే పని వేరు. అది ఒక ఫొటో కుడి భాగంలో ఉన్న చెట్టు, పక్క ఫొటో ఎడమ భాగంలో కూడా ఉందేమో వెతుకుతుంది. రెండింట్లో ఉన్న భాగాన్ని ఒకదాని మీద ఒకటి పరిచి, కలిపేస్తుంది. మన కార్డుల్లో రెండింట్లో ఉన్న భాగం అంటూ ఏదీ లేదు. ఒకటి ఎక్కడ అయిపోతుందో రెండోది అక్కడ మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్‌కి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. దొరికిందని పొరబడితే ఇంకా ప్రమాదం, కార్డు అంచు తినేస్తుంది.

కాబట్టి చేత్తోనే చేయాలి. ఫొటో తీయకండి, స్కానర్ వాడండి. స్కానర్‌లో రంగుల్ని దానంతట అదే సరిదిద్దే ఆప్షన్ ఉంటుంది. ముందు దాన్ని ఆపేయండి. లేకపోతే ముదురు కోట ఉన్న కార్డుకి ఒక వెలుతురు, లేత సరస్సు ఉన్న కార్డుకి ఇంకో వెలుతురు పెడుతుంది. ఆకాశం రెండు రంగుల్లో వస్తుంది. అన్ని కార్డుల్నీ ఒకే సెట్టింగులో, ఒకే మూలకు ఆనించి, వెనక నల్ల కాగితం పెట్టి తీయండి. నల్ల కాగితం ఎందుకు? కార్డు అంచు ఎక్కడుందో కచ్చితంగా తెలియడానికి.

వంకర గురించి చెప్పాలి. రెండున్నర అంగుళాల వెడల్పున్న కార్డుని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, తీస్తే 1,500 పిక్సెళ్లు వస్తాయి. ఆ కార్డు స్కానర్ మీద ఒక్క డిగ్రీ పక్కకి వాలిందనుకోండి. ఒక్క డిగ్రీయే కదా అనిపిస్తుంది. కానీ ఎడమ అంచు నుంచి కుడి అంచుకి వచ్చేసరికి గీత 26 పిక్సెళ్లు పైకో కిందికో పోతుంది. దిగంత రేఖ దగ్గర మెట్టు కనిపిస్తుంది. అందుకే కత్తిరించే ముందు ప్రతి కార్డుని సరిగ్గా నిలువు చేయాలి.

అన్నీ నిలువు చేశాక కూడా గీతలు అచ్చంగా కలవవు. కాగితం ఏళ్ల తరబడి తేమకు సాగుతుంది, ముడుచుకుంటుంది. కత్తిరించినప్పుడే వెంట్రుకవాసి తేడాలుంటాయి. అప్పుడేం చేయాలి? 16 కార్డులకు 32 అంచులు. ప్రతి అంచులో మూడు గీతలు ఎంత ఎత్తులో ఉన్నాయో కొలిచి పట్టిక రాయండి. ఒక్కో గీతకు మధ్యస్థంగా ఒక ఎత్తు ఖాయం చేయండి. తర్వాత ప్రతి కార్డుని ఆ ఎత్తులకు వచ్చేలా కొద్దిగా, చాలా కొద్దిగా సాగదీయండి. కొన్ని పిక్సెళ్లు సాగితే కంటికి తెలియదు.

రంగుల విషయంలో మాత్రం నేను మొండిగా ఉంటాను. ఈ కార్డుల రంగులు చేత్తో వేసినవి. ఒక కార్డు ఆకాశం కొంచెం నీలం ఎక్కువ, పక్కది తక్కువ ఉంటుంది. అన్నీ ఒకే నీలం చేసేయాలని చెయ్యి లాగుతుంది. చేయకండి. బల్ల మీద కార్డులు పేర్చుకున్న పిల్లలు చూసింది ఆ తేడాలతోనే. మరీ కొట్టొచ్చినట్టు ఉంటే అంచుకు ముప్పై నలభై పిక్సెళ్ల లోపల మెల్లగా కలపండి, కార్డు మధ్య భాగాన్ని ముట్టుకోకండి. మీరు ముట్టుకోని అసలు స్కాన్‌ని విడిగా దాచండి. ఇది బతిమాలుకుని చెప్తున్నాను.

కొత్తగా గీసుకునేవాళ్లకు ఇందాక మాటిచ్చాను కదా, 240 అతుకుల్ని ఒక్కటి చేసే పద్ధతి అని. అది ఇది. ముందు కార్డులు గీయకండి. ముందు అతుకు గీయండి. 80 పిక్సెళ్ల వెడల్పుతో నిలువు పట్టీ ఒకటి గీయండి. ఆకాశం, దూరపు కొండ, నీళ్లు, ఒడ్డు, దారి, అన్నీ అందులో ఉండాలి. అది మీకు పూర్తిగా నచ్చేదాకా దిద్దండి. తర్వాత దాన్ని మధ్యకి చీల్చండి. ఎడమ సగాన్ని, అంటే 40 పిక్సెళ్లని, ప్రతి కార్డు కుడి చివర అతికించండి. కుడి సగాన్ని ప్రతి కార్డు ఎడమ చివర అతికించండి. మధ్యలో ఖాళీ ఉంది, మీ ఇష్టమొచ్చింది గీసుకోండి. ఇప్పుడు ఏ రెండు కార్డులు పక్కపక్కన పెట్టినా అతుకు దగ్గర ఏం వస్తుంది? మీరు మొదట గీసిన పట్టీయే వస్తుంది. అచ్చంగా అదే. చూడాల్సిన అతుకు ఒక్కటే, దాన్ని మీరు ముందే చూశారు.

దీనికో ఇబ్బంది ఉంది. ఒకే పట్టీ ప్రతి కార్డు మధ్యా మళ్లీ మళ్లీ వస్తుంది. అందులో ఒక ప్రత్యేకమైన మబ్బు గానీ, రాయి గానీ పెట్టారో, అయిపోయింది. ప్రతి ఆరేడు వందల పిక్సెళ్లకు అదే రాయి, అదే రాయి. కన్ను దాన్నే లెక్కపెడుతుంది. కాబట్టి పట్టీ నిశ్శబ్దంగా ఉండాలి. గడ్డి, నీళ్లు, ఖాళీ ఆకాశం. చెట్లూ మనుషులూ పడవలూ కార్డు లోపలే.

ఇంకొంచెం ముందుకు పోవాలనుకునేవాళ్లకి: రెండు రకాల అంచులు పెట్టుకోవచ్చు. నేల అంచు, సముద్రపు అంచు. ఎడమ నేల, కుడి సముద్రం ఉన్న కార్డు తీరం అవుతుంది. అప్పుడు నేల అంచు పక్కన నేల అంచే రావాలి. అన్ని అమరికలూ కుదరవు, కానీ దృశ్యంలో మార్పు వస్తుంది, ప్రయాణం చేసినట్టు ఉంటుంది. 1961లో హావో వాంగ్ అనే తర్కశాస్త్రవేత్త అంచులకు రంగులు వేసిన పలకల గురించి ఒక పెద్ద ప్రశ్న వేశాడు. అవి నాలుగు పక్కలా కలవాల్సిన పలకలు. కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో గడ్డి, ఇసుక లాంటి వాటిని ఎంత దూరమైనా పరచడానికి వాటిని వాడతారు. మన కార్డులు ఆ పలకలకు చిన్న చెల్లెళ్లు. రెండు పక్కలే కలిస్తే చాలు.

తెర మీద

ఇప్పుడు కోడు. కోడు రాయనివాళ్లు భయపడకండి, అర్థమయ్యేలాగే చెప్తాను.

మొదటి సంగతి. 16 కార్డుల్ని కలిపి ఒకే పొడవాటి ఫైలు చేయకండి. అలా చేస్తే క్రమం గడ్డకట్టిపోతుంది, మిరియోరామా కాస్తా మామూలు బొమ్మ అయిపోతుంది. ప్రతి కార్డు విడి ఫైలుగానే ఉండాలి, పక్కపక్కన పేర్చే పని బ్రౌజర్ చేయాలి. ఇంకో కారణం మెమరీ. 600 వెడల్పు, 1,200 ఎత్తున్న కార్డు తెర మీద విప్పితే ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు. ఒక్క కార్డుకి 28 లక్షల 80 వేల బైట్లు. 16కి నాలుగున్నర కోట్లు దాటుతుంది. ఫైలు సైజు చిన్నగా ఉన్నా విప్పాక ఇంతే. విడి ఫైళ్లయితే కంటికి కనిపిస్తున్న మూడు నాలుగు కార్డుల్ని, వాటి పక్కవాటిని విప్పి ఉంచితే చాలు.

రెండో సంగతి, సన్నటి తెల్ల గీత. మొదటిసారి చేసిన ప్రతివాళ్లకీ వస్తుంది. ఇన్ని జాగ్రత్తలు తీసుకుని అతుకు కలిపితే, తెర మీద కార్డుల మధ్య వెంట్రుకంత గీత. గుండె జారిపోతుంది. దానికి కారణాలు రెండు. కోడులో రెండు బొమ్మల మధ్య కొత్త లైను ఉంటే బ్రౌజర్ దాన్ని రెండు మాటల మధ్య ఖాళీ అనుకుంటుంది. బ్రౌజర్‌లో బొమ్మల్ని వరసగా పేర్చే ఫ్లెక్స్ అనే అమరిక ఉంది, కార్డుల్ని అందులో పెడితే ఆ ఖాళీ పోతుంది. రెండోది, తెరకు తగ్గట్టు కార్డుని చిన్నది చేసినప్పుడు వెడల్పు 187 పిక్సెళ్లూ ఇంకో ముప్పాతికా అవుతుంది. ముప్పాతిక పిక్సెల్ అంటూ తెర మీద ఉండదు కదా. అందుకని అంచుని వెనక రంగుతో కలిపి చూపిస్తుంది. వెడల్పుని ఎప్పుడూ పూర్ణసంఖ్యకి తెచ్చుకోండి. బాధ పోతుంది. ఇంకా మిగిలితే ఒక్క పిక్సెల్ ఒకదాని మీదికి ఒకటి జరపండి.

ఫైలు సైజు తగ్గించే జేపెగ్ రకంలో బాగా కుదించినా అతుకు బయటపడుతుంది, ముఖ్యంగా చదునైన ఆకాశంలో. ఒక్కో కార్డుని విడిగా కుదిస్తుంది కాబట్టి రెండు పక్కలా రంగు కొద్దిగా వేరవుతుంది. పని చేసుకునేటప్పుడు రంగులు చెడకుండా దాచే పీఎన్‌జీ, చివర్లో ఎక్కువ నాణ్యతతో జేపెగ్. అంతే.

మూడో సంగతి కలపడం. పేకముక్కలు కలిపినట్టు కార్డుల్ని కలిపే బటన్ పెడతాం. సరిగ్గా కలపాలంటే చివరి కార్డుని మొత్తం 16లో ఏదో ఒకదానితో మార్చాలి, అదే కావచ్చు కూడా. తర్వాత దాన్ని వదిలేసి 15లో, తర్వాత 14లో. 1938లో ఫిషర్, యేట్స్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు కాగితం మీద చేయడానికి చెప్పిన పద్ధతికి ఇది కంప్యూటర్ రూపం. చాలామంది దీన్ని కొంచెం తప్పుగా రాస్తారు. ప్రతి కార్డుని ప్రతిసారీ మొత్తం కార్డుల్లో ఏదో ఒకదానితో మార్చేస్తారు. తేడా ఏముంది అనుకుంటారు. మూడు కార్డులతో చూడండి. తప్పు పద్ధతిలో 3 ఇంటూ 3 ఇంటూ 3, 27 దారులు. అమరికలు 6. 27ని 6తో భాగిస్తే శేషం లేకుండా పోతుందా? పోదు. కాబట్టి మూడు అమరికలు 27లో 5 సార్లు, మిగిలిన మూడు 4 సార్లు వస్తాయి. కొన్ని దృశ్యాలకు పక్షపాతం చేసినట్టు.

ఇంకో లోతైన సంగతి ఉంది, ఇది నాకు చాలా ఇష్టం. కంప్యూటర్ యాదృచ్ఛికంగా ఇచ్చే సంఖ్యలు ఒక మొదటి సంఖ్య నుంచి, సీడ్ అంటాం, పుడతాయి. ఆ సీడ్ 32 బిట్లదైతే అది ఎన్ని రకాలుగా ఉండగలదు? సుమారు 429 కోట్లు. మన అమరికలు? ఇరవై లక్షల కోట్లకు పైగా. అంటే ఆ పేజీని మీరు ఎన్నిసార్లు కొత్తగా తెరిచినా, మొదటి నొక్కుడులో దాదాపు 4,870 దృశ్యాలకు ఒకటి మాత్రమే రాగలదు. మిగిలినవి ఆ నొక్కుడులో పుట్టే అవకాశమే లేదు. చూసేవాళ్లకు ఇది తెలుస్తుందా? తెలియదు. మరి ఎందుకు పట్టించుకోవాలి? ఏ క్రమమైనా రావచ్చు అని మనం చెప్తున్నాం కాబట్టి. చెప్పినమాట నిజం కావాలి. బ్రౌజర్‌లో రహస్య సంకేతాల కోసం ఇచ్చిన యాదృచ్ఛిక సంఖ్యలుంటాయి, వాటిని వాడండి. ఖర్చేమీ లేదు.

ఇప్పుడు ఇందాక చెప్పిన చోటికి వద్దాం. అధికారం ఎవరిది? ఇలాంటివి చేసేవాళ్లు ఎక్కువమంది కలిపే బటన్ దగ్గర ఆగిపోతారు. నొక్కు, కొత్త దృశ్యం. నొక్కు, ఇంకోటి. నాలుగుసార్లు నొక్కాక విసుగొస్తుంది. ఎందుకు వస్తుంది? అందులో చూసేవాళ్ల పని లేదు. క్లార్క్ కార్డులతో పిల్లలు ఆడుకున్నది కళ్లు మూసుకుని కలపడానికి కాదు. ఈ మనిషిని ఆ పడవ పక్కన పెడదాం, ఈ కోట దూరంగా ఉండాలి, వీళ్లు దానివైపు నడుస్తున్నారు, ఇలా కథ అల్లుకోవడానికి. కాబట్టి కార్డుని పట్టుకుని జరిపే వీలు ముందు పెట్టండి. కలపడం తర్వాత.

ఫోన్‌లో జరపడం కష్టం. వేలితో లాగితే దృశ్యం జరగాలా, కార్డు జరగాలా? రెండూ ఒకే కదలిక. నేను చివరికి ఇలా పెట్టుకున్నాను: లాగితే దృశ్యం జరుగుతుంది. ఒక కార్డుని ముట్టుకుంటే అది ఎంపిక అవుతుంది, ఇంకోదాన్ని ముట్టుకుంటే రెండూ చోట్లు మార్చుకుంటాయి. చేతులు వణికే పెద్దవాళ్లకు కూడా ఇది పనికొస్తుంది, కీబోర్డుతో కూడా చేయొచ్చు. పేర్చుకున్న క్రమాన్ని 16 అక్షరాల చిన్న మాటగా లింకులో దాస్తే, ఆ దృశ్యాన్ని ఇంకొకరికి పంపొచ్చు.

చూపు లేనివాళ్ల కోసం ప్రతి బొమ్మకీ వర్ణన రాస్తాం కదా, తెర చదివే సాఫ్ట్‌వేర్ చదవడానికి. ఇక్కడ దాన్ని ఎలా రాయాలి? కార్డులు ఏ క్రమంలోనైనా వస్తాయి. కాబట్టి వర్ణన వాక్యాలు కూడా ఏ క్రమంలోనైనా కలవాలి! "ఆ తర్వాత", "దాని పక్కన", "ఇందాకటి దారి" అని రాస్తే చెడిపోతుంది. వాక్యానికీ అంచులుంటాయి. "దారి ఒక పాత కోట కింద నుంచి సాగుతుంది." "ఇద్దరు మనుషులు చెట్టు నీడన ఆగారు, దారి ముందుకు పోతోంది." "పడవ ఒడ్డుకు చేరుతోంది, ఒడ్డు వెంట దారి." చూశారా? ప్రతి వాక్యంలో దారి లోపలికి వస్తుంది, బయటికి పోతుంది. ఎలా కలిపి చదివినా ఒక ప్రయాణం వినిపిస్తుంది. చిత్రం గీయడానికి పట్టినంత సమయం ఈ 16 వాక్యాలకు పట్టినా ఫరవాలేదు, పెట్టండి. విని చూసేవాళ్లకు మిరియోరామా అంటే ఆ వాక్యాలే.

ఏమిటండీ? అడగండి. ఆ, మంచి ప్రశ్న. అందరం తలా ఒక కార్డు గీసి కలపొచ్చా అంటున్నారు. కలపొచ్చు, ఇవాళ అందుకే వచ్చాను. బొమ్మ గీయడం రానక్కర్లేదు. ఈ కాగితాలన్నిటికీ రెండు అంచుల్లో మూడేసి చిన్న గీతలు ముద్రించి తెచ్చాను, ఒకే ఎత్తుల్లో. మీ కొండ పై గుర్తు దగ్గర మొదలై పై గుర్తు దగ్గరే ముగియాలి. మధ్య గుర్తు అవతలి ఒడ్డు. కింది గుర్తు ఇవతలి ఒడ్డు, దాని కింద దారి. గుర్తు దగ్గరికి వచ్చేటప్పుడు చెయ్యి అడ్డంగా పోనివ్వండి, మీకు తెలుసు ఎందుకో. నీడలు వేయకండి. అంచుకు అరంగుళం లోపల చెట్లూ మనుషులూ వద్దు. మధ్యలో మీ ఇష్టం.

పెన్సిళ్లు బల్ల మీద ఉన్నాయి. గీశాక వెనకవైపు ఒక వాక్యం రాయండి, ఇప్పుడే అనుకున్నాం కదా, దారి లోపలికి వచ్చి బయటికి పోయే వాక్యం. స్కానర్ ఇక్కడే ఉంది, ఒక్కొక్కరూ తెచ్చి ఈ ఎడమ మూలకు ఆనించి పెట్టండి. ముందుగా అయిపోయినవాళ్లు తెర దగ్గరికి రండి, మొదటి నాలుగు కార్డులు రాగానే పేర్చడం మొదలుపెడదాం.